ఆల్మా అరలో సకిలించే ఫోను

బొగ్గు గనిలో, దిగేవాళ్లకు దీపాలిచ్చే గది పక్కన, ఫోన్లు దాచిపెట్టే కిటికీ దగ్గర కూర్చునే రిస్తీ ఒక ఉదయం తీరిగ్గా పై అర తుడిచి, అట్టముక్క ఒకటి కత్తిరించి, దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఆల్మా’ అని రాసి అతికించింది. ఆ సాయంత్రం షిఫ్టు ముగించుకుని పైకి వచ్చిన వాళ్లలో, ఆ అరలో ఫోన్లున్న వాళ్లంతా అట్టముక్క చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ అడగకుండా, ఫోన్లు అక్కడే వదిలేసి బస్సెక్కి ఇళ్లకు వెళ్లిపోయారు.

తప్పు ఎవరిదీ కాదు. మా కజక్ భాషలో ఆల్మా అంటే ఆపిల్ పండు. అదే మాటను మొదట్లో ఒత్తి పలికితే ‘తీసుకోకు’ అని. నోటితో అంటే తేడా తెలిసిపోతుంది, రాస్తే తెలియదు. రిస్తీ రాసింది పండు, వాళ్లు చదివింది హుకుం. భద్రతా విభాగం వాళ్లు మళ్లీ ఏదో నిబంధన పెట్టారనుకున్నారు. మా గనిలో నిబంధనలు అలాగే వస్తాయి, ఎవరికీ చెప్పకుండా గోడల మీద మొలుస్తాయి.

అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు కాల్తాయ్. ఆపిల్ గుర్తు ఫోన్లకు వేరే అర కావాలని, మామూలు ఫోన్ల పక్కన పెడితే గీతలు పడుతున్నాయని నెల రోజులుగా రిస్తీ ప్రాణం తీసినవాడు అతనే. ఫోను లేకుండా ఇంటికి వెళ్తే భార్య జానిల్ ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

“అక్కా, ఈయన ఫోను నీ దగ్గరే ఉందా? ఇంకెవరింట్లోనైనా ఉందా? నిజం చెప్పు, నేనేం అనుకోను.”

“ఇదిగో, ఇక్కడే ఉంది తల్లీ. రాత్రంతా మోగింది. ఎవరో పాపం నిద్రపోలేదు.”

“నేనే” అంది జానిల్, ఇంకా అనుమానంగానే ఫోను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

వరసలో వెనకాల నిల్చున్న మెల్స్ అప్పటిదాకా ఓపిక పట్టాడు. ఇక పట్టలేకపోయాడు.

“చూశావా వదినా! ఇన్నాళ్లూ నేను చెబితే మీ ఆయన నమ్మలేదు. ఆ ఫోను పేరులోనే ఉంది, కొనకు కొనకు అని. అంత నిజాయితీ గల కంపెనీ ఇంకోటి లేదు.”

మా భాషలో తీసుకోవడానికీ కొనడానికీ మాట ఒకటే. ఆ నవ్వు దీపాల గది దాటి, స్నానాల గది దాటి, క్యాంటీన్ దాకా పోయింది. కాల్తాయ్ వారం రోజులు ఆ ఒక్క మాటకు జవాబు వెతుక్కుంటూ తిరిగాడు. అట్టముక్క మాత్రం తీసెయ్యొద్దన్నాడు, అదో పంతం. అట్ట అక్కడే ఉండిపోయింది.

రిస్తీకి యాభై దాటాయి. ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు సన్నగా, కోపంగా ఉండేదట, సన్నదనం పోయింది. మొగుడు ఇదే గనిలో బొగ్గు తవ్వి, తవ్విందంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని, మంచం మీద దగ్గుతూ పోయాడు. ఆ తర్వాత ఆమెకు ఈ కిటికీ ఇచ్చారు. కింద మీథేన్ ఉంటుంది, ఫోను తీసుకెళ్లడం నిషిద్ధం. దిగేవాడు ఫోను ఇచ్చి నంబరు బిళ్ల తీసుకోవాలి, వచ్చేవాడు బిళ్ల ఇచ్చి ఫోను తీసుకోవాలి. మధ్యలో అవి ఎంత మోగినా రిస్తీ ఎత్తకూడదు. అంతే ఉద్యోగం. చూడటానికి తేలిక. కానీ పొద్దస్తమానం వందల మంది పెళ్లాలు, తల్లులు, బాకీ వాళ్లు పిలుస్తుంటే పలకకుండా కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే తెలుస్తుంది. ఊలు అల్లుకుంటూ కూర్చునేది. ఏ ఫోను ఎలా మోగుతుందో, ఎవరి భార్య ఏ వేళకు చేస్తుందో, ఎవరికి భార్య కాని వాళ్లెవరు చేస్తారో అన్నీ ఆమెకు తెలుసు. ఒక్క మాట బయటికి పొక్కనిచ్చేది కాదు. అందుకే మగవాళ్లకు ఆమె అంటే గౌరవం, కొంచెం భయం.

మెల్స్ ఫోను మోగేది కాదు, సకిలించేది. ఉల్‌తావ్ గుట్టల దగ్గర వాళ్ల అన్న పెంచే గుర్రప్పిల్ల గొంతు రికార్డు చేసి పెట్టుకున్నాడు. అది సకిలించినప్పుడల్లా కొత్తవాళ్లు ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసేవాళ్లు. అతని పేరు కూడా అలాంటిదే. వాళ్ల నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి, పుస్తకాల్లోని నలుగురు పెద్దల పేర్లలో మొదటి అక్షరాలు కలిపి కొడుక్కి పెట్టాడు. “నలుగురి బరువూ ఒక్కణ్ణే మోస్తున్నా, నడుం నొప్పి ఊరికే రాలేదు” అనేవాడు మెల్స్.

కాల్తాయ్, మెల్స్ ఒకే జట్టు, ఒకే వీధి, బస్సులో ఒకే సీటు. అయినా ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి రెండు తెగలు. గనిలో అందరూ ఆ రెండు తెగల్లో ఏదో ఒకదాంట్లో చేరిపోయారు. మెల్స్‌ది కొరియా ఫోను.

“కొరియా క్యారెట్ పచ్చడీ, కొరియా ఫోనూ ఒకటేరా. శీతాకాలమంతా బయట పడేసినా చెడిపోవు.”

“పచ్చడితో ఫొటో తీసుకో అయితే. నా కెమెరాతో చీకట్లో తీసినా మనిషి మొహంలో వెంట్రుక తెలుస్తుంది.”

“బొగ్గు మొహానికి వెంట్రుక దేనికిరా? అసలు నీ ఫోను తెరవాలంటే నీ మొహం చూపించాలి కదా. మొన్న పైకి రాగానే చూపిస్తే ఏమంది? నువ్వెవరో తెలియదంది. నీ ఫోనే నిన్ను గుర్తుపట్టకపోతే జానిల్ వదిన ఎలా గుర్తుపడుతుంది?”

“మొహం కడుక్కుంటే గుర్తుపడుతుంది. నీకు ఆ అలవాటు లేదు కాబట్టి వేలిముద్ర పెట్టారు.”

మైనస్ ముప్పై డిగ్రీల చలిలో బస్టాపు దగ్గర ఇద్దరి ఫోన్లూ ఆరిపోయేవి. తనదే ముందు ఆరిందని ఏ ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు. చివరికి తగువు కిటికీ దగ్గరికి వచ్చేది. రిస్తీ దగ్గర టేపు చుట్టిన పాత బటన్ల ఫోను. ఏ తెగకూ చెందని మనిషి కాబట్టి తీర్పరి ఆమే.

“చెప్పక్కా, ఏది మంచిది?”

“నాకేం తెలుసురా. రెండూ మోగుతాయి.”

చార్జింగు గురించి మాత్రం మెల్స్ తీర్పు కూడా అడిగేవాడు కాదు. కాల్తాయ్ వైరు ఎప్పుడూ పై అరలోనే వేలాడుతుండేది. సెలవు రోజున కూడా ఇంట్లో కరెంటు ఆదా అని ఫోను ఇక్కడ తగిలించి పోయేవాడు. మెల్స్ తన వైరు ఏనాడూ గనికి తేలేదు. “నా ఫోనుకు మధ్యాహ్నం పాలు పట్టక్కర్లేదు, అది చంటిపిల్ల కాదు” అనేవాడు. గుట్టల దగ్గర, పశువుల చలికాలపు మకాంలో అన్నతో ఉండే తల్లి దామేష్‌కు కూడా అదే చెప్పి పెట్టాడు. మోగుతూ ఎత్తకపోతే నేను కింద పనిలో ఉన్నట్టు, నువ్వు బెంగపడకు. అసలు మోగకపోతే అప్పుడు బెంగపడు, నాది ఆరిపోయే ఫోను కాదు.

ఆమె రోజూ సాయంత్రం పాలు పితికి, చేతులు కడుక్కుని చేసేది. ఫోను సకిలించేది. రిస్తీ అల్లిక ఆపకుండా “పాలు అయిపోయినట్టున్నాయి” అనుకునేది.

ఫిబ్రవరిలో కాల్తాయ్‌కి పన్ను వాచింది. బుగ్గ పుచ్చకాయంతైంది. డాక్టరు పీకి, రెండు రోజులు కిందికి దిగొద్దన్నాడు. ఆ రెండో రోజే కింద మీథేన్ పేలింది.

కిటికీ అద్దం ఒకసారి వణికింది. రిస్తీ ఊలు ఉండ కింద పడి గోడ దాకా దొర్లింది. ఆమె దాన్ని తీసుకుందామని వంగిందట, ఆ సంగతే తర్వాత పదే పదే చెప్పేది. వంగి ఉండగానే సైరను వచ్చింది. ఆ తర్వాత ఊరికి తెలిసింది. అప్పుడు అరల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి.

రకరకాల పాటలు, గంటలు, పిట్టల కూతలు, ఎవరిదో కూతురి నవ్వు. కంపించి కంపించి కొన్ని అర అంచు దాకా జరిగాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ వెనక్కి నెడుతూ తిరిగింది. ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి?

వేరే సొరంగంలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. నల్లటి మొహాలతో బిళ్ల చాపారు, ఫోను తీసుకున్నారు, “ఉన్నాను, ఉన్నాను” అంటూ ఏడ్చారు. ఒక్కొక్క ఫోను వెళ్తుంటే అరలు ఖాళీ అవుతున్నాయి. తెల్లారేసరికి ఇక ఎవరూ రాలేదు. కార్యాలయంలో ఇంకా పేర్లు సరిచూసుకుంటున్నారు గానీ, రిస్తీకి అవసరం లేదు. ఎవరు రాలేదో అరల్లో కనిపిస్తూనే ఉంది.

మెల్స్ ఫోను కింది అరలో, మూలన ఉంది.

లోపల మంట ఆరలేదు. గాలి తగలకుండా ఆ సొరంగాన్ని గోడకట్టి మూసేశారు. మనుషులతో సహా అని ఎవరూ అనలేదు. గేటు దగ్గర పేర్లు చదివారు, అంతే. అరల్లో ఫోన్లు మోగుతూ మోగుతూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. అందులో సగం, మొహం చూపిస్తే తప్ప తెరుచుకోనివి.

ఆ సాయంత్రం కాల్తాయ్ వచ్చాడు. వాచిన బుగ్గకు భార్య శాలువా చుట్టుకుని, కిటికీ ముందు నిలబడి నేల చూస్తున్నాడు.

“మెల్స్ ఫోను ఆరిపోయిందా అక్కా?”

“ఇంకా లేదు. చివర్లో ఉంది. ఎర్రగా చూపిస్తోంది.”

అతను జేబులోంచి కొత్త వైరు తీశాడు. కొరియా ఫోను వైరు. అలాంటిది చచ్చినా ముట్టుకోనని గనిలో అందరి ముందూ ఒట్టు పెట్టిన మనిషి.

“వాళ్లన్న తొలెగెన్ చేశాడు. ముసలమ్మకి తెలియదంట. పెద్దలు బయలుదేరారు గానీ, మంచు తుఫాను. అటు వెళ్లే జెజ్కజ్‌గాన్ రోడ్డు మూసి అడ్డుకట్ట వేశారంట, వెనక్కొచ్చేశారు. ఎప్పుడు తెరుస్తారో తెలీదు.”

“తొలెగెన్ చెప్పలేడా?”

“అన్న ఎలా చెప్తాడక్కా?”

అడగడమే తప్పని రిస్తీకి తెలుసు. చావు కబురు మాలో ఇంటివాళ్లు చెప్పరు. బయటి పెద్దలు పదిమంది కలిసి వెళ్లాలి. లోపలికొచ్చి కూర్చుని, టీ ముట్టుకుని, వాతావరణం మాట్లాడి, గుర్రాల సంగతి అడిగి, ఎగిరిపోయిన డేగనో, విరిగిన చెట్టునో మాటల్లోకి తెచ్చి, వినేవాళ్లకు లోలోపల తెలిశాక అప్పుడు అనాలి. దాన్ని ‘వినిపించడం’ అంటాం. అలా వినిపించని చావు, వీపు మీద వెనకనుంచి కొట్టిన దెబ్బలాంటిది.

“టీవీ తీగ పీకేశాడంట తొలెగెన్. ఆవిడ ఫోను లాక్కుంటే అనుమానం వస్తుంది. పాలు పితికాక మళ్లీ చేస్తుంది. మోగితే కింద ఉన్నాడనుకుంటుంది. మోగకపోతే...” కాల్తాయ్ శాలువా సర్దుకున్నాడు. “చందాదారుడు అందుబాటులో లేడు అని ఆ మిషను గొంతు చెప్తుందక్కా. మెల్స్ చావు వాళ్లమ్మకి మిషను చెప్పకూడదు.”

రిస్తీ వైరు తీసుకుంది. కింది అరల్లో కరెంటు రంధ్రం లేదు, ఉన్నది పై అరలోనే. మెల్స్ ఫోనును తీసుకెళ్లి, ‘ఆల్మా’ అట్టముక్క కింద, తెర పైకి పెట్టి తగిలించింది. ఫోనుకు కట్టిన జత బిళ్ల తీసి తన కోటు జేబులో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భద్రతా విభాగం ఉపాధికారి గెన్నాది ల్వోవిచ్ సంచి పట్టుకుని వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి, గడ్డం గీసుకోలేదు.

“రిస్తీ, మిగిలిన ఫోన్లన్నీ ఆపేసి సంచిలో వెయ్యాలి. విచారణ వాళ్లు అడిగారు.”

“ఇంటివాళ్లకు ఇవ్వరా?”

“తర్వాత ఇస్తారు.” అంటూనే ఒక్కొక్కదాన్నీ జాగ్రత్తగా, గుడ్లు ఏరుతున్నట్టు తీసి సంచిలో పెడుతున్నాడు. పై అర దగ్గర ఆగాడు. “ఇదేమిటి? ఇంకా వెలుగుతోంది.”

అతని చెయ్యి చాచి ఉంది. ఆమె నోట్లోంచి ఒకే మాట వచ్చింది, మొదట్లో గట్టిగా ఒత్తి.

“ఆల్మా!”

గెన్నాది ల్వోవిచ్ రష్యన్ అయినా పుట్టింది ఇక్కడే. కజక్ భాష బజారులో పళ్లు కొనుక్కునేంత వచ్చు, అంతకుమించి రాదు. అట్టముక్క చూశాడు, ఆమె మొహం చూశాడు.

“ఆపిలా? కాల్తాయ్‌దా? వాడు పన్ను పీకించుకుని ఇంట్లో ఉన్నా ఫోను ఇక్కడేనా?” నవ్వబోయి ఆగిపోయాడు. బతికున్న మనిషి ఫోను కాబట్టి వదిలేశాడు. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

అప్పుడు ఫోను సకిలించింది.

ఆవేళ పాలు తొందరగా పితికిందేమో ఆ తల్లి. తుఫానుకు ఆవులు ఎక్కువ ఇవ్వలేదేమో. ఆ సకిలింపు గనిలో తెలియనివాళ్లు లేరు, ఒకసారి మీటింగులో అది సకిలిస్తే మెల్స్‌కు జరిమానా రాసింది గెన్నాది ల్వోవిచ్చే. అతను గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. వెనక్కి తిరగలేదు. భుజం మీది సంచిని కొంచెం పైకి సర్దుకుని, తలుపు మెల్లగా మూసుకుని వెళ్లిపోయాడు.

రిస్తీ దాని నోరు మూయిద్దామని అందుకుంది. బటన్ల ఫోనుకు అలవాటు పడ్డ బొటనవేలు ఎక్కడో జారింది. సకిలింపు ఆగింది. పల్చటి గొంతు వినిపించింది.

“మెల్స్? ఎత్తావా నాన్నా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో రిస్తీ మొదటిసారి పలికింది.

“నేను ఫోన్లు చూసే ఆవిణ్ణి, అపా” అంది, పెద్దావిణ్ణి పిలిచే పిలుపుతో.

“అయ్యో, నీ పని చెడగొట్టానా? వాడేడీ?”

“కింద ఉన్నాడు అపా.”

“ఇంకా కిందేనా? నిన్న కూడా కిందే అయి ఉంటాడు, ఎత్తలేదు. ఇంతింత పని ఏం చేయిస్తారమ్మా వాళ్లతో?”

“ఈసారి ఎక్కువైంది అపా.”

“ఇక్కడ మంచు తలుపుల దాకా వచ్చింది. తొలెగెన్ ఏమిటో మాట్లాడడు, తిండి తినడు, దూడల మీద అరుస్తాడు.” ఫోనులో గాలి హోరు వినిపించింది. “కింద వెచ్చగా ఉంటుందమ్మా, చలే ఉండదు అంటాడు వాడు. నిజమేనా? నన్ను ఊరుకోబెట్టడానికి అంటాడా?”

రిస్తీ అట్టముక్క అంచును గోటితో గట్టిగా పట్టుకుంది.

“నిజమే అపా. కింద వెచ్చగానే ఉంటుంది.”

“సరే, వచ్చాక చెప్పు. గుర్రప్పిల్లకు పళ్లు మారుతున్నాయి అను. వాడికి తెలుస్తుంది.”

ఆ రాత్రి రిస్తీ ఇంటికి వెళ్లలేదు. వెళ్తే ఎవరైనా వైరు పీకేస్తారని భయం. క్యాంటీన్ వాళ్లు తెచ్చిన సూపు కిటికీ గట్టు మీదే గడ్డకట్టింది. తర్వాతి సాయంత్రమూ ఫోను సకిలించింది. ఈసారి ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆగేదాకా వింటూ కూర్చుంది.

ఆ మర్నాడు గాలి తగ్గింది. అడ్డుకట్ట తీశారని, పెద్దల బండ్లు మంచు తొలగించే యంత్రం వెనకాలే పోతున్నాయని కాల్తాయ్ వచ్చి చెప్పాడు. చెప్పి వెళ్లకుండా కిటికీ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. రిస్తీ టీ పోసింది, అతను వాపు లేని వైపు నుంచి తాగాడు. కిటికీ అద్దంలో వెలుతురు నీలంగా మారింది. పాలు పితికే వేళైంది. ఆ వేళ దాటింది. బయట బస్సు వచ్చి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది.

ఫోను సకిలించలేదు.

“వినిపించేశారు” అన్నాడు కాల్తాయ్.

రిస్తీ లేచి వైరు పీకింది. చుట్ట చుట్టి అతనికి ఇవ్వబోతే అతను తీసుకోలేదు. అది అక్కడే, కాల్తాయ్ వైరు పక్కన మేకుకు వేలాడదీసింది.

గని మళ్లీ తెరిచారు. తెరుస్తారని అందరికీ తెలుసు. దిగేవాళ్లు దిగుతున్నారు, బిళ్లలు తీసుకుంటున్నారు. ఎవరి ఫోను మంచిదని కిటికీ దగ్గర ఎవరూ అడగడం లేదు. రకరకాల ఫోన్లు ఇస్తున్నారు, ఆమె పెడుతోంది. తొలెగెన్ మంచు కరిగాక వస్తానన్నాడు. అందాకా మెల్స్ ఫోను, ఆరిపోయి, పై అరలోనే ఉంది. విచారణ వాళ్లు అడగలేదు. గెన్నాది ల్వోవిచ్ రోజూ ఆ కిటికీ ముందు నుంచే వెళ్తాడు, పై అర వైపు మాత్రం చూడడు.

మూసిన సొరంగానికి అవతలివైపు పని మీద కాల్తాయ్‌ని వేశారు. మొదటిరోజు దిగడానికి వచ్చి, ఫోను ఇచ్చి, బిళ్ల తీసుకుని కూడా కదల్లేదు. వెనకాల వరస ఆగింది. అతను పై అర చూస్తున్నాడు. తన ఫోనుకు ఎడమవైపున మెల్స్ ఫోను, దాని నెత్తిన ‘ఆల్మా’.

“ఇదేం పనక్కా?” అన్నాడు. “వాడి ఫోను ఇంకా ఆపిల్ అరలోనే ఉంచావేంటి? జీవితమంతా ఆ పేరెత్తితే ఉమ్మేసేవాడు. తెలిస్తే ఎంత గొడవ చేస్తాడు!”

రిస్తీ ఊలు కింద పెట్టి అతని వైపు చూసింది.

“పైకొచ్చి నన్నే తిట్టమను.”